తలలూపే జర్నల్ క్లబ్బులు

పరిశోధనశాలల్లో బాగా నాటుకుపోయిన మాట ఒకటుంది: ‘కొత్తగా చేరినవాళ్లు ముందు చదవాలి, నేర్చుకోవాలి. తప్పులు పట్టడం తర్వాత సంగతి.’ వినడానికి పెద్దమనిషి మాటలాగే ఉంటుంది. గైడ్లు చెబుతారు, సీనియర్లు చెబుతారు, మూడేళ్లు తిరిగేసరికి అదే స్కాలర్ తన జూనియర్‌కి అప్పజెబుతాడు. మన విశ్వవిద్యాలయాల్లో, జాతీయ పరిశోధన సంస్థల్లో జర్నల్ క్లబ్ పేరుతో వారం వారం జరిగే తంతులో చాలా భాగం ఈ మాట మీదే నిలబడి ఉంది. ఆ మాట తప్పు. పేపర్‌లోని వాదన నిలుస్తుందా కూలుతుందా అని తేల్చుకునే పనిలోనే పరిశోధకుడికి చదవడం వస్తుంది. ఆ పనిని వాయిదా వేస్తే చదువే వాయిదా పడుతుంది.

ఆ తంతు ఎలా సాగుతుందో ఆ గదుల్లో కూర్చున్నవాళ్లకు తెలుసు. ఒక స్కాలర్ వంతు వస్తుంది. నేచర్, సైన్స్, సెల్ పత్రికల్లో ఏదో ఒకదాంట్లోంచి పేపర్ ఎంచుకుంటుంది. చిన్న పత్రికలోది తెస్తే ‘ఇంతకన్నా మంచిది దొరకలేదామ్మా?’ అంటారని భయం. చేతిలో ఉన్న ప్రయోగాలు ఆపుకుని నాలుగు రోజులు స్లైడ్లు చేస్తుంది. మిగతావాళ్లలో ఆ పేపర్ తెరిచి చూసినవాళ్లు ఒకరో ఇద్దరో. ఎలాగూ ఆమె చెబుతుంది కదా, మళ్లీ చదవడమెందుకని తక్కినవాళ్ల లెక్క. ఫిగర్ 1ఏ, 1బీ, 1సీ అంటూ బండి కదులుతుంది. మధ్యలో గైడ్ ఫోన్ నుంచి తలెత్తి ‘ఈ డోసే ఎందుకు వాడారు?’ అంటారు.

‘పేపర్‌లో అంతే ఇచ్చారు సార్.’

‘మెథడ్స్ చూడలేదా?’

‘చూశాను సార్. సప్లిమెంటరీలో ఉందన్నారు.’

అక్కడితో ఆ ప్రశ్న చచ్చిపోతుంది. గంటన్నర తర్వాత ‘ఎనీ క్వశ్చన్స్?’ అంటే ఎవరూ నోరు విప్పరు. చప్పట్లు, టీ. ఆ పేపర్ చెప్పింది నమ్మవచ్చా, నమ్మకూడదా అన్న ఒక్క ముక్క మాత్రం ఎవరి నోటా రాదు.

‘పోనీ, నలుగురి ముందు మాట్లాడటం అలవాటవుతుంది కదా’ అని సమర్థించేవాళ్లున్నారు. మాట్లాడటం నేర్పడానికి వేరే వేదికలు బోలెడున్నాయి. పైగా ఈ అలవాటు పేరుతో జర్నల్ క్లబ్ కొలిచేది ఎక్కువగా ఇంగ్లిష్‌నే. పల్లె బడిలో తెలుగు మాధ్యమంలో చదివి, డిగ్రీ చిన్న పట్టణంలో చేసి, నెట్ రాసి వచ్చిన స్కాలర్‌కి ప్రశ్న తట్టదనుకోవడం పొరపాటు. తట్టిన ప్రశ్నను ఇంగ్లిష్‌లో కూర్చుకునేలోపు స్లైడ్ మారిపోతుంది. అదే స్కాలర్ క్యాంటీన్‌లో ‘కంట్రోల్ లేకుండా అంత మాట ఎట్లా అన్నార్రా వీళ్లు?’ అని పక్కవాడిని నిలదీస్తాడు. అసలైన జర్నల్ క్లబ్ క్యాంటీన్‌లో జరుగుతోందన్నమాట. దాన్ని గదిలోకి తేవాలంటే చర్చ తెలుగులో సాగనివ్వాలి. తెలుగు రానివాళ్లు గదిలో ఉంటే సగం తెలుగు, సగం ఇంగ్లిష్‌గా సాగనివ్వాలి. మెడలు వంచి ఇంగ్లిష్‌లో అప్పజెప్పించడం వల్ల పేపర్‌కు కలిగే మేలేమీ లేదు.

అసలు ఈ క్లబ్బుల పుట్టుకలోనే తలూపడం లేదు. లండన్‌లోని సెయింట్ బార్తొలోమ్యూ ఆసుపత్రి గేటు దగ్గర ఒక రొట్టెల దుకాణం పైగదిలో 1835 తర్వాతి సంవత్సరాల్లో విద్యార్థులు చేరి వైద్య పత్రికలు చదువుకునేవారని జేమ్స్ పేజెట్ తన జ్ఞాపకాల్లో రాసుకున్నాడు. పెద్దలు పెట్టిన తరగతి కాదది, కుర్రాళ్లు అద్దెకు తీసుకున్న గది లాంటిది. 1875లో మాంట్రియల్‌లోని మెగిల్ విశ్వవిద్యాలయంలో విలియం ఆస్లర్ జర్నల్ క్లబ్ పెట్టాడు. అప్పటికి అతనికి నిండా పాతికేళ్లు. ఒక్కొక్కరు విడిగా కొనలేని విదేశీ పత్రికలను అందరూ కలిసి కొని పంచుకోవడం అతని ఉద్దేశం. డబ్బు చాలని కుర్ర ఉపాధ్యాయుడు, కొత్త సంగతుల కోసం ఆకలిగొన్న మిత్రులు: ఈ వ్యవస్థకు మూలపురుషులు వీళ్లే. తర్వాతి కాలంలో దీనికి హాజరు పట్టీ, కుర్చీల వరసలో పెద్దాచిన్నా తేడా వచ్చి చేరాయి.

ఇక రెండో వాదన. ‘పెద్ద పత్రికలో అచ్చయింది అంటే ఇద్దరు ముగ్గురు నిపుణులు ముందే చూశారు. మొదటి సంవత్సరం స్కాలర్ కొత్తగా చూసేదేముంది?’ ఈ నమ్మకాన్ని పరీక్షించి చూసినవాళ్లున్నారు. బ్రిటిష్ మెడికల్ జర్నల్ సంపాదకవర్గంలోని ఫియోనా గాడ్లీ, ఆమె సహచరులు అచ్చుకు సిద్ధంగా ఉన్న ఒక పేపర్‌లో కావాలనే ఎనిమిది లోపాలు చొప్పించి, ఆ పత్రిక సమీక్షకులు 420 మందికి పంపారు. 221 మంది సమీక్షలు రాశారు. ఒక్కొక్కరు సగటున పట్టుకున్నవి రెండు లోపాలు. ఐదుకు మించి పట్టినవాళ్లు ఒక్కరూ లేరు, ఏ ఒక్కటీ పట్టనివాళ్లు మాత్రం ఉన్నారు. 1998లో జామా పత్రికలో ఈ ఫలితాలు వచ్చాయి. సమీక్షకులు పనికిరానివాళ్లని దీని అర్థం కాదు. వాళ్లు జీతం లేకుండా, రాత్రిపూట, ఒంటరిగా చదువుతారు. పదిమంది ఒక గదిలో కూర్చుని ఒకే ఫిగర్‌ను అరగంట చూసే సౌకర్యం వాళ్లకు లేదు. జర్నల్ క్లబ్‌కు ఉంది. చేతిలో ఉన్న ఆ సౌకర్యాన్ని వదులుకుని, లేని సమీక్షకుడి మీద భారం వేయడం ఏం తెలివి?

2014 జనవరి 30న నేచర్‌లో వచ్చిన స్టాప్ కణాల పేపర్లు గుర్తున్నాయి కదా. మామూలు కణాలను కొద్దిసేపు పల్చటి ఆమ్లంలో ఉంచితే అవి దాదాపు ఏ కణంగానైనా మారగల స్థితికి వెళ్తాయన్నది జపాన్‌లోని రికెన్ సంస్థ శాస్త్రవేత్తల వాదన. ప్రపంచం ఊగిపోయింది. కొద్ది వారాల్లోనే, పేరు చెప్పుకోని పాఠకులు ఆ పేపర్‌లోని ఒక జెల్ చిత్రం దగ్గర ఆగిపోయారు. ఆ చిత్రాన్ని కంప్యూటర్‌లో తెరిచి కాంట్రాస్ట్ పెంచితే మూడో లేన్ రెండు అంచులూ నిట్టనిలువుగా తెగినట్టు కనిపిస్తాయి, వెనక ఉన్న బూడిద రంగు అటూ ఇటూ ఉన్న లేన్లతో కలవదు. ఆ లేన్ వేరే జెల్ నుంచి తెచ్చి అతికించింది. ఇంకోచోట వాడిన కణజాల చిత్రాలు ప్రధాన రచయిత్రి డాక్టరేట్ థీసిస్‌లోవి. ఏప్రిల్ 1న రికెన్ దర్యాప్తు సంఘం ఈ రెండింటినీ తప్పుడు పనులుగా తేల్చింది. జులై 2న నేచర్ రెండు పేపర్లనూ ఉపసంహరించింది.

ఆ అతుకు చూడటానికి మూలకణాల శాస్త్రంలో పాండిత్యం అవసరమా? జెల్ నడిపిన ప్రతి ఎంఎస్సీ విద్యార్థికీ లేన్ ఎలా ఉండాలో తెలుసు. నిజానికి రోజూ జెల్ నడిపేది వాళ్లే. జెల్ ముందు నిలబడి ఇరవై ఏళ్లయిన ప్రొఫెసర్ కన్నా నిన్న సాయంత్రం నడిపిన స్కాలర్ కంటికే ఆ తేడా ముందు తగులుతుంది. ఎలిజబెత్ బిక్, ఆమె సహచరులు 40 పత్రికల్లో 1995 నుంచి 2014 దాకా వచ్చిన 20,621 పేపర్ల చిత్రాలు పరిశీలించి 2016లో ఫలితాలు ప్రకటించారు. 3.8 శాతం పేపర్లలో అనుమానించదగ్గ చిత్రాలు దొరికాయి. ఆ పరిశీలన కంటితోనే చేశారు.

‘చిన్నవాళ్లకేం తెలుసు’ అన్న మాటకు ఇంతకన్నా గట్టి జవాబు జీవశాస్త్రం బయట దొరుకుతుంది. ఆర్థికవేత్తలు కార్మెన్ రైన్‌హార్ట్, కెనెత్ రోగాఫ్ 2010లో ఒక పేపర్ రాశారు. ప్రభుత్వ అప్పు జీడీపీలో 90 శాతం దాటిన దేశాల్లో వృద్ధి సగటున మైనస్ 0.1 శాతానికి పడిపోయిందని అందులో లెక్క. యూరప్‌లో, అమెరికాలో ఖర్చులకు కత్తెర వేయాలన్న మంత్రులు, చట్టసభ సభ్యులు ఆ పేపర్‌ను చేతిలో పట్టుకుని తిరిగారు. యూనివర్సిటీ ఆఫ్ మసాచుసెట్స్, ఆమ్హెర్స్ట్‌లో థామస్ హెర్న్‌డన్ అనే స్కాలర్‌కి క్లాసులో ఒక అసైన్‌మెంట్ ఇచ్చారు. అచ్చయిన పేపర్ ఒకటి ఎంచుకుని దాని లెక్కలు మళ్లీ చేసి చూపించాలి. అతను ఈ పేపర్ ఎంచుకున్నాడు. ఎన్నిసార్లు చేసినా లెక్క కలవలేదు. తప్పు తనదే అనుకున్నాడు, అతని అధ్యాపకులూ మొదట అలాగే అనుకున్నారు. చివరికి రచయితలకే రాస్తే వాళ్లు తమ ఎక్సెల్ ఫైలు పంపారు.

ఫైలు తెరిస్తే సంగతి బయటపడింది. సగటు తీసే సూత్రం ఎల్30 నుంచి ఎల్49 దాకా వెళ్లాల్సింది, ఎల్44 దగ్గరే ఆగింది. ఐదు వరసలు, అంటే ఆస్ట్రేలియా, ఆస్ట్రియా, బెల్జియం, కెనడా, డెన్మార్క్ లెక్కలోంచి జారిపోయాయి. దానికి తోడు కొన్ని దేశాల కొన్ని సంవత్సరాల గణాంకాలు వదిలేశారు. న్యూజిలాండ్‌కు చెందిన ఒకే ఒక్క సంవత్సరానికి, బ్రిటన్‌కు చెందిన 19 సంవత్సరాలకు సమానమైన బరువు ఇచ్చారు. అన్నీ సరిచేస్తే మైనస్ 0.1 కాస్తా ప్లస్ 2.2 శాతమైంది. 2013 ఏప్రిల్‌లో హెర్న్‌డన్ తన అధ్యాపకులు మైకేల్ యాష్, రాబర్ట్ పోలిన్‌లతో కలిసి దీన్ని ప్రకటించాడు. ఎక్సెల్ తప్పును రచయితలు ఒప్పుకున్నారు. అప్పు పెరిగితే వృద్ధి తగ్గుతుందన్న వాదనను మాత్రం వదులుకోలేదు. ఆ చర్చ ఆర్థికవేత్తలది, ఇక్కడ అవసరం లేదు. ఇక్కడ చూడాల్సింది ఒకటే. మూడేళ్లపాటు ఎంతోమంది పెద్దలు ఉదహరించిన అంకెను ఒక హోంవర్క్ కదిలించింది. ‘ముందు నేర్చుకో నాయనా’ అని ఆ అధ్యాపకులు అతన్ని కూర్చోబెట్టి ఉంటే?

అలా కూర్చోబెట్టిన సందర్భాలూ లేకపోలేదు. స్వలింగ వివాహాలపై ఓటర్ల అభిప్రాయాన్ని ఇంటి గడపలో జరిగే ఒక చిన్న సంభాషణ మార్చేస్తుందని 2014 డిసెంబరులో సైన్స్‌లో ఒక పేపర్ వచ్చింది. బర్క్‌లీలో పరిశోధక విద్యార్థులుగా ఉన్న డేవిడ్ బ్రూక్‌మన్, జాషువా కల్లా అదే పద్ధతిలో తమ అధ్యయనం మొదలుపెట్టబోతే, మూల పేపర్ చెప్పినంతమంది జవాబులివ్వడం అసాధ్యమని తేలింది. తవ్వితే డేటాయే కల్పితంలా కనిపించింది. 2015 మే 28న సైన్స్ ఆ పేపర్‌ను ఉపసంహరించింది. అనుమానం మొదటిసారి కలిగినప్పుడు పెద్దలు కొందరు ‘నీకెందుకీ గొడవ, ఉద్యోగం సంగతి చూసుకో’ అన్న ధోరణిలోనే సలహా ఇచ్చారని బ్రూక్‌మన్ తర్వాత చెప్పుకున్నాడు. ఆ సలహా మన దగ్గర ఏ యాసలో వినిపిస్తుందో పాఠకులు ఊహించుకోగలరు.

మన దేశానికి వద్దాం. 2018 జులైలో బెంగళూరులోని ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్ నుంచి ఇద్దరు పరిశోధకులు ఒక ప్రీప్రింట్ (సమీక్షకు ముందే ఆన్‌లైన్‌లో ఉంచే పేపర్) పెట్టారు. బంగారం, వెండి నానో పదార్థంలో సాధారణ ఉష్ణోగ్రత దగ్గరే అతివాహకత కనిపించిందన్నారు. నిజమైతే నోబెల్ స్థాయి సంగతి. మరుసటి నెల ఎంఐటీలో పోస్ట్‌డాక్‌గా ఉన్న బ్రయన్ స్కిన్నర్ ఒక గ్రాఫ్ దగ్గర ఆగాడు. వేర్వేరు అయస్కాంత క్షేత్రాల్లో తీసిన రెండు వరసల బిందువులు, ఒకటి ఆకుపచ్చ, ఒకటి నీలం. ఆకుపచ్చ బిందువుల్లో ఉన్న చిన్నచిన్న ఎగుడుదిగుళ్లు నీలం బిందువుల్లోనూ అచ్చుగుద్దినట్టు అలాగే ఉన్నాయి, కాస్త జరిపినట్టు. కొలతలోని గజిబిజి రెండు వేర్వేరు కొలతల్లో ఒకేలా రాకూడదు. ఇది అతివాహకత సిద్ధాంతం చదివితే తెలిసేది కాదు, బీఎస్సీ ప్రాక్టికల్స్ రికార్డు నిజాయితీగా రాసిన ఎవరికైనా తెలిసేదే. 2002లో బెల్ ల్యాబ్స్‌కు చెందిన యాన్ హెండ్రిక్ షోన్ కథ బయటపడిందీ వేర్వేరు గ్రాఫుల్లో ఒకే రకం గజిబిజి కనిపించడం వల్లే. బెంగళూరు బృందం మరికొందరితో కలిసి 2019లో విస్తృతమైన పేపర్ మళ్లీ పెట్టింది, ఆ పోలికకు తనదైన వివరణ ఇచ్చింది. ఎవరిది ఒప్పన్న తీర్పు ఇక్కడ ఇవ్వనక్కర్లేదు. గ్రాఫ్‌ను చూడవలసినట్టు చూసినవాడు పోస్ట్‌డాక్ అన్నది చాలు.

ఇంతకీ చిన్నవాళ్లకు విమర్శించే అర్హత లేదని చెప్పే పెద్దలే, పత్రికల నుంచి తమకు సమీక్షకు వచ్చిన పేపర్లను ఎవరికి ఇస్తున్నారు? 2019లో ఈలైఫ్ పత్రికలో గ్యారీ మెక్‌డవెల్, సహచరులు ఒక సర్వే ప్రచురించారు. అందులో పాల్గొన్న యువ పరిశోధకుల్లో దాదాపు సగం మంది తమ గైడ్ పేరు మీద, తమ పేరు ఎక్కడా లేకుండా, సమీక్షలు రాసిపెట్టామన్నారు. జర్నల్ క్లబ్‌లో నోరు తెరవడానికి అర్హత లేని మనిషి, తలుపు మూసిన గదిలో మాత్రం నిపుణుడైపోతాడు. ఇంత సౌకర్యమైన సిద్ధాంతం మరొకటి ఉండదు. అర్హత మాటే వచ్చింది కాబట్టి ఇంకో అధ్యయనం. అమెరికాలో ఒక అత్యవసర వైద్య పత్రికకు 306 మంది 1,484 పేపర్లపై రాసిన 2,856 సమీక్షలను మైకేల్ కాలహమ్, జాన్ టెర్సియర్ 2007లో విశ్లేషించారు. హోదా, శిక్షణ, పాత అనుభవం... వీటిలో ఏదీ మంచి సమీక్షను ముందే పసిగట్టడానికి పనికిరాలేదు. కాస్తో కూస్తో సంబంధం కనిపించింది రెండింటికే: విశ్వవిద్యాలయ ఆసుపత్రిలో పనిచేయడం, వయసు తక్కువ కావడం.

అనుభవానికి విలువే లేదని ఎవరూ అనరు. 2023 జులైలో కొరియా నుంచి వచ్చిన ఎల్‌కే-99 అనే పదార్థం సంగతి చూడండి. సుమారు 104 డిగ్రీల సెల్సియస్ దగ్గర దాని నిరోధం ఒక్కసారిగా పడిపోయిందని, అదే అతివాహకతకు గుర్తు అని రచయితలన్నారు. ఢిల్లీలోని నేషనల్ ఫిజికల్ లేబొరేటరీ సహా ఎన్నో చోట్ల తయారుచేసి చూస్తే అతివాహకత కనిపించలేదు. ఇలినాయ్‌లో రసాయన శాస్త్రవేత్త ప్రశాంత్ జైన్‌కు మాత్రం ఆ ఉష్ణోగ్రత పాత పరిచయం. కాపర్ సల్ఫైడ్ సరిగ్గా అక్కడే తన నిర్మాణం మార్చుకుంటుంది, ఆ పదార్థం తయారీలో అదే మలినంగా మిగులుతుంది. ఇలాంటివి ఏళ్ల తరబడి పనిచేస్తేనే పట్టుబడతాయి. అందుకే గైడ్ గదిలో ఉండాలి. కానీ చివర మాట్లాడాలి. సార్ మొదటే ‘ఇది అద్భుతమైన పేపర్’ అనేశాక రెండో సంవత్సరం స్కాలర్ కాదనే రోజు మన దగ్గర ఇంకా రాలేదు. అమెరికాలో రెసిడెన్సీ జర్నల్ క్లబ్బులను సర్వే చేసిన జాన్ సిడొరోవ్ 1995లో, ఏళ్ల తరబడి మంచి హాజరుతో నడిచిన క్లబ్బుల లక్షణాల్లో ఒకటిగా అధ్యాపకుల మీద ఆధారపడకపోవడాన్ని చెప్పాడు. ఇంకొకటి తినడానికేమైనా పెట్టడం. సమోసాలకు శాస్త్రీయ ఆధారం దొరికిందని సంతోషించవచ్చు.

జర్నల్ క్లబ్ వల్ల విమర్శనాశక్తి పెరగదనడానికి ఎదుటిపక్షం చూపించగల గట్టి సాక్ష్యం ఒకటుంది, దాన్ని దాటేయడం న్యాయం కాదు. 1988లో మార్క్ లిన్జర్, సహచరులు 44 మంది హౌస్ సర్జన్లను లాటరీ పద్ధతిలో రెండు జట్లు చేశారు. ఒక జట్టుకు జర్నల్ క్లబ్, రెండో జట్టుకు మామూలు ఉపన్యాసాలు. క్లబ్ జట్టులో చదివే అలవాటు బాగా మెరుగుపడింది, గణాంక జ్ఞానమూ పెరిగింది. అయితే పరీక్షకిచ్చిన పేపర్‌ను అంచనా కట్టడంలో రెండు జట్లకూ తేడా కనిపించలేదు. నిజమే. కానీ అక్కడ జరిగినవి వేళ్ల మీద లెక్కపెట్టగలిగినన్ని సమావేశాలు. దీన్నుంచి తేలేది, కొద్దిపాటి క్లబ్‌తో ఆ నేర్పు దానంతటది రాదని. అంటే నేర్పించే పద్ధతి మార్చాలి. క్లబ్‌ను అప్పజెప్పే తంతుగానే ఉంచమని ఆ ఫలితం ఎక్కడా చెప్పదు.

పద్ధతి మార్చి చూసినవాళ్లూ ఉన్నారు. న్యూయార్క్ సిటీ కాలేజీలో శాలీ హాస్కిన్స్, సహచరులు 2007లో క్రియేట్ అనే బోధనా పద్ధతిని వివరించారు. విద్యార్థులకు పేపర్ ముక్కలుముక్కలుగా ఇస్తారు. శీర్షిక, సారాంశం, చర్చ భాగాలు మొదట దాచిపెడతారు. ఫిగర్ చూసి ఏ ప్రయోగం చేశారో విద్యార్థులే బొమ్మ గీయాలి, ఫలితం ఏం చెబుతోందో వాళ్లే రాయాలి, తర్వాతి ప్రయోగం ఏమై ఉండాలో ప్రతిపాదించాలి. ఒకే ల్యాబ్ నుంచి వరసగా వచ్చిన పేపర్లు చదవడం వల్ల తమ ఊహకూ ఆ ల్యాబ్ నిజంగా చేసిన దానికీ పోల్చి చూసుకునే వీలుంటుంది. వీళ్లు స్కాలర్లు కూడా కాదు, డిగ్రీ విద్యార్థులు.

మన ల్యాబ్‌లో ఇది ఎలా ఉంటుంది? ఒక బార్ గ్రాఫ్ తీసుకుందాం. మందు ఇవ్వని ఎలుకలకు 40, ఇచ్చినవాటికి 46. పైన ఎర్రర్ బార్లు బుల్లిగా, ఒకదానితో ఒకటి కలవకుండా ఉన్నాయి. చూడగానే తేడా ఖాయమనిపిస్తుంది. ఫిగర్ కింద చిన్న అక్షరాల్లో బార్లు ఎస్ఈఎమ్ (సగటులోని అనిశ్చితి) అని, ఎన్ (కొలతల సంఖ్య) తొమ్మిది అని ఉంది. ఒకమ్మాయి కాగితం మీద లెక్క వేస్తుంది. ఎస్ఈఎమ్ 2 అయితే, తొమ్మిదికి వర్గమూలం మూడు కాబట్టి, ఎస్‌డీ (విడి కొలతల వ్యాప్తి) 6. అంటే విడివిడి కొలతలు చూస్తే మొదటి గుంపు ఇంచుమించు 34 నుంచి 46 దాకా, రెండోది 40 నుంచి 52 దాకా పరుచుకుని ఉన్నాయి. రెండూ బాగా కలగలిసి ఉన్నాయన్నమాట. సగటుల్లో తేడా ఉండొచ్చు, కానీ బొమ్మ చూపించినంత ఎడం లేదు. ఇంకొకరు మెథడ్స్ తిప్పి ‘తొమ్మిది అంటే తొమ్మిది ఎలుకలా, మూడు ఎలుకల నుంచి మూడేసి వెల్సా?’ అంటారు. మూడు ఎలుకలే అయితే ఎన్ మూడే. అప్పుడు ఆ ఎర్రర్ బార్లకు అర్థమే మారిపోతుంది. ఇదంతా పావుగంట పని. అరవై స్లైడ్లలో ఈ పావుగంటకు చోటుండదు.

‘స్కాలర్ల టైమ్ ఎక్కడిది?’ అన్న అభ్యంతరానికి జవాబు ఇందులోనే ఉంది. టైమ్ తినేది స్లైడ్ల తయారీ. అందరూ ముందే పేపర్ చదివి, రెండు ఫిగర్లు ప్రింటు తీసి బల్ల మీద పెట్టుకుంటే నాలుగు రోజుల శ్రమ ఆదా అవుతుంది. ‘ఏఐ సారాంశం ఇచ్చేస్తోంది కదా’ అనేవాళ్లది ఇంకో దారి. పేపర్ ఏం చెప్పుకుందో చెప్పడానికి అబ్‌స్ట్రాక్ట్ ఎప్పటినుంచో ఉంది. రచయితలు చెప్పుకున్నదాన్ని ఇంకాస్త సాఫీగా చెప్పిపెట్టే యంత్రంతో కొత్తగా ఒరిగేది తక్కువ. చెప్పుకున్నదానికీ చూపించినదానికీ మధ్య ఉన్న ఎడం చూసే కన్ను అరువు తెచ్చుకుంటే రాదు.

ఒక జాగ్రత్త. తలూపే క్లబ్ ఎంత నిరర్థకమో, ప్రతి పేపర్‌నూ చీల్చి చెండాడే క్లబ్ కూడా అంతే. ‘శాంపిల్ సైజ్ తక్కువ’ అని అరిగిపోయిన రికార్డులా ప్రతివారం అనేసి గొప్పగా విమర్శించామనుకునే స్కాలర్లు తయారవుతారు. ఆ జబ్బుకు మందు చిన్నదే. లోపం చెప్పినవాళ్లు ఆ లోపం వల్ల పేపర్‌లోని ఏ వాక్యం పడిపోతుందో చూపించాలి, దాన్ని తీర్చే ప్రయోగం ఏదో కూడా చెప్పాలి. చూపించలేకపోతే ఆ లోపం ప్రస్తుతానికి లెక్కలోకి రాదు. ఇంకా ముఖ్యం, పత్రిక పేరు చూసి పేపర్ ఎంచుకోవడం మానాలి. ల్యాబ్‌లో ఈ నెల ఎవరికి ఏ ప్రశ్న అడ్డుపడిందో దాన్నిబట్టి ఎంచుకోవాలి. ప్రీప్రింట్లయితే ఇంకా మేలు. చర్చలో తేలినవి రచయితలకు రాసి పంపితే, తుది రూపం రాకముందే వాళ్లు సరిదిద్దుకోవచ్చు. 2018లో ఆక్స్‌ఫర్డ్‌లో ముగ్గురు యువ పరిశోధకులు మొదలుపెట్టిన రీప్రొడ్యూసిబిలిటీ జర్నల్ క్లబ్బులు వందకు పైగా సంస్థలకు పాకాయి. అదే సంవత్సరం మొదలైన ప్రీలైట్స్‌లో ప్రీప్రింట్లను ఎంచి వ్యాఖ్యానాలు రాస్తున్నది కూడా యువ పరిశోధకులే.

పత్రికలు దొరకవన్న సాకు కూడా ఇప్పుడు సన్నగిల్లింది. 2024 నవంబరు 25న కేంద్ర మంత్రివర్గం ‘వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్’ పథకాన్ని ఆమోదించింది. 30 మంది ప్రచురణకర్తల దాదాపు 13,000 పత్రికలను కేంద్ర, రాష్ట్ర ప్రభుత్వాల నిర్వహణలోని దాదాపు 6,300 సంస్థలకు అందించాలన్నది లక్ష్యం. హైదరాబాద్‌లోని సీసీఎంబీకి ఈ పత్రికలు ముందూ అందేవి. తేడా రావలసింది మహబూబ్‌నగర్‌లోని పాలమూరు విశ్వవిద్యాలయం, ఎచ్చెర్లలోని అంబేడ్కర్ విశ్వవిద్యాలయం లాంటి చోట్ల. ఆస్లర్ మిత్రులు చందాలు వేసుకుని తెచ్చుకున్నది ఇక్కడి స్కాలర్‌కి ప్రభుత్వ ఖర్చుతో అందుతోంది. కలిసి కూర్చుని చదివించే ఏర్పాటు మాత్రం ఏ పథకంలోనూ లేదు.

ఆ ఏర్పాటు విశ్వవిద్యాలయాలే చేయాలి, పెద్ద కష్టం కూడా కాదు. పీహెచ్‌డీ కోర్సువర్క్‌లో పరిశోధన, ప్రచురణ నైతికత మీద రెండు క్రెడిట్ల కోర్సును యూజీసీ 2019 చివర్లో తప్పనిసరి చేసింది, 30 గంటలది. అందులో సగం గంటలైనా పవర్‌పాయింట్ ఉపన్యాసాల నుంచి తప్పించి, సంతకాల హాజరు లేని, స్కాలర్లే నడిపే, గైడ్లు చివర మాట్లాడే పేపర్ చర్చకు కేటాయించమని డీన్లను, బోర్డ్ ఆఫ్ స్టడీస్ సభ్యులను అడగాలి. అడగాల్సింది స్కాలర్లే. పత్రికల పథకానికి కేటాయించిన రూ.6,000 కోట్లు మూడు క్యాలెండర్ సంవత్సరాలకు. 2025 జనవరితో మొదలైన ఆ గడువు 2027 డిసెంబరుతో ముగుస్తుంది.